కార్తె, కిస్తు, గడువు: తెలుగు గృహస్థుల వార్షిక కాలగణన – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఇల్లు, పొలం, పడవ కలిగిన ప్రతి కుటుంబమూ ఏడాదిలో కొన్ని గడువులను తప్పక గుర్తుంచుకోవలసి ఉంటుంది. తెలుగు ప్రాంతాలలో ఈ గడువులు పంచాంగ తిథుల మీద, సూర్యుని నక్షత్ర ప్రవేశాలైన కార్తెల మీద, పాలకులు నిర్ణయించిన ఫసలీ, ఆర్థిక సంవత్సరాల మీద ఆధారపడి నడిచాయి. పంటను అనుసరించడానికి పుట్టిన ఫసలీ క్రమంగా కచేరీ సౌకర్యాన్ని అనుసరించసాగిన తీరును, గడువును చాటే అధికారం ఎవరి చేతిలో ఉన్నదన్న ప్రశ్నను ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: కార్తె, ఫసలీ, కిస్తు, జమాబంది, కరణం, పంచాంగం, ఇంటిపన్ను, కౌలు.

1. ఉపోద్ఘాతం

ఏ పని ఏ రోజులోగా ముగియాలన్న లెక్క రైతుకూ, ఇంటి యజమానికీ, జాలరికీ కొత్తది కాదు. వానలకు ముందు ఇంటి కప్పు సర్దుకోవడం, తొలకరికి విత్తనం సిద్ధం చేసుకోవడం, కిస్తు కట్టడం, కౌలు తిరగరాయించుకోవడం, పాలేరును కుదుర్చుకోవడం – వీటిలో ప్రతిదానికీ ఒక గడువు ఉంది. అయితే మన చరిత్ర రచనలో పన్నుల రేట్లకు దక్కినంత శ్రద్ధ పన్ను కట్టవలసిన తేదీలకు దక్కలేదు. ఎకరాకు శిస్తు ఎంత అన్న చర్చ విస్తారంగా సాగింది. ఆ శిస్తు ఏ నెలలో అడిగారన్నది సాధారణంగా ఒక వాక్యంతో ముగిసిపోతుంది. కానీ పంట ఇంటికి రాకముందు అడిగిన రూపాయి, ధాన్యం అమ్ముకున్న తరువాత అడిగిన రూపాయి ఒకటి కావు. మొదటి రూపాయికి షావుకారు వడ్డీ కూడా కలుస్తుంది. ఈ తేడాను పట్టించుకుంటే గడువుల చరిత్ర కూడా భూమి చరిత్రలో భాగమేనని తెలుస్తుంది.

ఈ విషయంలో భాషే తొలి సాక్ష్యం. ‘గడువు’ అన్న మాట ‘గడచు’ ధాతువుకు చెందినది. గడిచిపోయే కాలం అని దాని మూలార్థం. దానితోపాటు మన ఇళ్లలో వినిపించేవి పున్నమి, అమావాస్య, పక్షం, సంక్రాంతి, కార్తె. భూమి పన్ను దగ్గరికి వచ్చేసరికి మాటలు మారిపోతాయి. కిస్తు, వాయిదా, తారీఖు, జమ, బాకీ, జప్తు – ఇవన్నీ అరబీ మూలాలు కలిగి, పారశీక పరిపాలనా భాష ద్వారా తెలుగులోకి వచ్చినవి. ‘కిస్తు’కు మూలార్థం వాటా, ‘వాయిదా’కు మూలార్థం మాట ఇవ్వడం. ఇంటిలోని కాలానికి ఒక పదజాలం, కచేరీలోని కాలానికి మరొక పదజాలం ఏర్పడ్డాయి. రెండింటి మధ్య తిరిగేవాడు కరణం. అందుకే పల్లెలో అతని మాటకు అంత బరువు.

2. కార్తె: ఆరుబయటి లెక్క

తెలుగువారి పండుగలు ఎక్కువగా చాంద్రమానాన్ని అనుసరిస్తాయి. కానీ సేద్యం చాంద్రమానంతో సాగదు. చాంద్ర సంవత్సరం సుమారు 354 రోజులు; దానిని రుతువులతో కలపడానికి రెండున్నర, మూడేళ్లకొకసారి అధికమాసం వేస్తారు. దానివల్ల ఉగాది మార్చి రెండవ పక్షం మొదలు ఏప్రిల్ నడుమ దాకా ఎక్కడైనా పడవచ్చు. జ్యేష్ఠ పూర్ణిమనాడు వచ్చే ఏరువాక పున్నమి కూడా అలాగే అటూ ఇటూ జరుగుతుంది. ఎడ్లకు పూజ చేసి నాగలి కట్టే లాంఛనం ఆ పున్నమినాడు జరుగుతుంది కాని, విత్తనం వేయడానికి రైతు చూసుకునేది కార్తెనే.

కార్తె సౌరమానానికి చెందిన కొలత. సూర్యుడు 27 నక్షత్రాలలో ఒక్కొక్కదానిలో సుమారు పదమూడున్నర రోజులు ఉంటాడు. ఆ కాలమే ఒక కార్తె. రోహిణి మే 25 ప్రాంతంలో, మృగశిర జూన్ 8 ప్రాంతంలో, ఆరుద్ర జూన్ 22 ప్రాంతంలో ప్రవేశిస్తాయి. ఏటా అవే తేదీలు, ఒక రోజు అటూ ఇటూగా. చదువురాని రైతు కూడా వరుస తప్పకుండా కార్తెలు చెప్పగలగడం నిన్న మొన్నటి దాకా సర్వసాధారణం. 1868లో కెప్టెన్ ఎం. డబ్ల్యు. కార్ ప్రచురించిన తెలుగు సామెతల సంకలనం మొదలుకొని తరువాతి సంకలనాల దాకా కార్తె సామెతలకు ప్రత్యేక స్థానం ఉంది. వీటిని వర్షసూచనలుగా చదవడం మనకు అలవాటు. నా దృష్టిలో వీటిలో చాలావరకు సూచనలు కావు, గడువులు. ఫలానా కార్తె దాటాక వేసిన విత్తనం పండదనే సామెత వానను గురించి కంటే ఆలస్యాన్ని గురించి ఎక్కువ చెబుతుంది.

ఇంటి పనులకూ ఇదే లెక్క. తాటాకు, రెల్లు కప్పిన ఇళ్లకు కప్పు నేయించడం, పెంకుటిళ్లకు పగిలిన పెంకులు మార్చి వరుసలు సర్దించడం, వంటచెరకు, పిడకలు తడవని చోటికి చేర్చడం, ఊరగాయలు జాడీలకెక్కించడం – ఇవన్నీ మృగశిర ప్రవేశానికి ముందు ముగియవలసినవి. రోళ్లు పగిలే ఎండ అని చెప్పుకొనే రోహిణి కార్తె ఈ పనులకు చివరి అవకాశం. ఇంటి కప్పు నేసేవారికి, పెంకులు సర్దేవారికి ఏడాదిలో గిరాకీ ఉండే కాలం కూడా ఇదే కనుక, ఆలస్యం చేసిన ఇంటివారికి మనిషి దొరకడమే కష్టమయ్యేది.

కార్తెల గురించి పరిశోధకులు తరచు పట్టించుకోని అంశం ఒకటి ఉంది. కార్తె స్థిరంగా కనిపిస్తుంది కాని, నిజానికి స్థిరం కాదు. నక్షత్రాలను ఆధారం చేసుకున్న సంవత్సరం, రుతువుల సంవత్సరం కంటే సుమారు 20 నిమిషాలు ఎక్కువ. ఈ తేడా దాదాపు 72 ఏళ్లకు ఒక రోజు అవుతుంది. స్వామి వివేకానంద 1863 జనవరి 12న, మకర సంక్రాంతినాడు జన్మించారు. నేడు ఆ సంక్రాంతి జనవరి 14న గాని 15న గాని వస్తోంది. కార్తెలూ ఇదే విధంగా జరుగుతున్నాయి. కాకతి గణపతిదేవుని కాలంలోని మృగశిర ప్రవేశాన్ని నేటి తేదీల లెక్కకు మారిస్తే అది మే నెల చివరి వారంలో పడుతుంది. వెయ్యేళ్లలో ఒక కార్తె మరొక కార్తె స్థానానికి చేరుతుందన్నమాట. కాబట్టి ఒక కార్తె సామెతను ‘అనాదిగా వస్తున్న అనుభవం’ అని పేర్కొనే ముందు జాగ్రత్త అవసరం. ఆ సామెత పుట్టిన కాలం తెలియకుండా దానిని నేటి రుతుపవనాల రాకతో పోల్చడం పద్ధతి కాదు. బహుశా రైతులు తరతరాలుగా సామెతలను సరిదిద్దుకుంటూ వచ్చి ఉంటారు. ఒకే సామెతకు ప్రాంతానికొక పాఠాంతరం, కొన్నిచోట్ల కార్తె పేరే మారిపోవడం కనిపించడానికి ఇదొక కారణం కావచ్చునని నా ఊహ.

3. ఫసలీ: పంట కోసం పుట్టిన సంవత్సరం

హిజ్రీ సంవత్సరం శుద్ధ చాంద్రమానం. దానిలో అధికమాసం లేదు. అందువల్ల ప్రతి హిజ్రీ నెల ఏటా సుమారు 11 రోజులు వెనక్కి జరుగుతూ, దాదాపు 33 ఏళ్లలో రుతువులన్నింటినీ చుట్టివస్తుంది. భూమి శిస్తును ఈ లెక్కన వసూలు చేస్తే రెండు చిక్కులు వస్తాయి. ఒకటి, గడువు పంటతో సంబంధం లేకుండా తిరుగుతుంది. రెండు, 33 పంటలు పండిన కాలంలో 34 సంవత్సరాల శిస్తు రైతు నెత్తిన పడుతుంది. అక్బరు కాలంలో ఫసలీ శకం ఏర్పడటానికి ఇదే నేపథ్యం. ‘ఫసల్’ అంటే పంటకాలం. హిజ్రీ 963ను, అంటే క్రీ.శ. 1556ను ఆధారంగా తీసుకొని, అక్కడి నుంచి సంవత్సరాలను సౌరమానంలో లెక్కించారు. దక్కనులో షాజహాను కాలంలో, హిజ్రీ 1046 నుంచి, అంటే క్రీ.శ. 1636 నుంచి ఈ పద్ధతి అమలయింది. ఈ 80 ఏళ్ల వ్యవధిలో హిజ్రీ లెక్క ముందుకు పరుగెత్తడం వల్లనే ఉత్తరాది ఫసలీకీ దక్కను ఫసలీకీ మధ్య రెండేళ్లకు పైబడిన తేడా ఏర్పడింది. ఉత్తరాదిన ఫసలీకి 593 కలిపితే క్రీస్తు శకం వస్తుంది, మనకు 590.

ఇంతవరకు పాలకుల లెక్క పంటకు తలవంచింది. శిస్తు గడువు రైతు కళ్లం చుట్టూ తిరగాలన్న అంగీకారం ‘ఫసలీ’ అన్న పేరులోనే ఉంది. తరువాతి కథ వేరు.

మద్రాసు ప్రెసిడెన్సీ ప్రాంతాలలో ఫసలీ మొదట కర్కాటక సంక్రమణంతో, అంటే తమిళుల ఆడి మాసం మొదటి రోజుతో ప్రారంభమయ్యేది. 1800 ప్రాంతంలో కంపెనీ ప్రభుత్వం ఆ ప్రారంభాన్ని జూలై 13కు స్థిరపరచింది. 1855లో సౌకర్యం కోసం దానిని జూలై 1కి మార్చింది. పన్నెండు రోజుల మార్పు చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ దాని స్వభావం గమనింపదగినది. మొదటి మార్పులో సంక్రమణం తేదీగా మారింది. సూర్యుని గమనంతో ఉన్న ముడి తెగినా, ఆ రోజు దాదాపు అదే. రెండవ మార్పులో ఆ సామీప్యం కూడా పోయింది. జూలై 1 ఏ కార్తెకూ, ఏ సంక్రమణానికీ, ఏ పున్నమికీ మొదలు కాదు. అది కేవలం ఇంగ్లీషు నెలకు మొదలు. పేరు పంటది, తేదీ కచేరీది.

హైదరాబాదు రాజ్యంలో ఫసలీ మరొక దారి పట్టింది. అక్కడ సంవత్సరం ఆజూరు మాసంతో, అక్టోబరు తొలివారంలో మొదలయ్యేది. నెలల పేర్లు ఆజూరు, దయి, బహమన్ మొదలైన పారశీక నామాలు. ఫలితంగా ఒకే ఫసలీ సంఖ్య గుంటూరులో ఒక కాలాన్ని, నల్లగొండలో మరొక కాలాన్ని సూచిస్తుంది. 1350 ఫసలీ కోస్తాలో 1940 జూలైలో మొదలైతే, నిజాం రాజ్యంలో 1940 అక్టోబరులో మొదలైంది. అంటే 1940 ఆగస్టులో కృష్ణకు ఒక ఒడ్డున 1350, మరొక ఒడ్డున 1349. స్థానిక చరిత్ర రాసేవారు రెండు ప్రాంతాల దస్తావేజులను పోల్చేటప్పుడు 590 కలిపి ఊరుకుంటే సరిపోదు. కోస్తా, రాయలసీమ పత్రాలలో జూలై నుంచి డిసెంబరు వరకు 590, జనవరి నుంచి జూన్ వరకు 591 కలపాలి. నిజాం ప్రాంత పత్రాలలో అక్టోబరు తొలివారం నుంచి డిసెంబరు వరకు 590, మిగిలిన కాలానికి 591. 1317 ఫసలీ నాటి హైదరాబాదు భూమి శిస్తు చట్టం పేరు నేటికీ తెలంగాణ న్యాయస్థానాలలో వినిపిస్తూనే ఉంది. అది 1907 నాటిదని వెంటనే తోచేవారు ఎంతమందో చెప్పలేం.

పంటకాలాల పేర్లలోనూ ఇదే బహుళత్వం. ఖరీఫ్, రబీ అన్నవి అరబీలో శరత్తు, వసంతం. అంటే విత్తే కాలాన్ని కాక కోసే కాలాన్ని, శిస్తు అడిగే కాలాన్ని సూచించే పేర్లు. తెలుగు పేర్లయిన పునాస, యాసంగి, గోదావరి, కృష్ణా డెల్టాలోని సార్వా, దాళ్వా సాగుదారు వైపు నుంచి ఏర్పడినవి. నిజాం ప్రాంతపు మాగాణి లెక్కలలో ఇవే ఆబీ, తాబీ. ఒక పంటకు ఎన్ని పేర్లున్నాయో దాని మీద హక్కు చెప్పుకొనేవారు అందరున్నారని అర్థం చేసుకోవచ్చు.

4. గడువును చాటినవారు, గడువు మీరినవారు

రైత్వారీ విధానంలో ప్రతి ఫసలీకీ జమాబంది జరిగేది. ఏ రైతు ఏ పొలం సాగు చేశాడు, ఎంత బంజరు విడిచాడు, ఎంత మాఫీ దక్కాలి, మొత్తం ఎంత కట్టాలి – ఇవన్నీ అధికారి మకాం వేసిన చోట కరణం లెక్కలు చూసి తేల్చేవారు. కరణం దగ్గర తాటాకు కవిలెలు, తరువాతి కాలంలో కాగితపు అడంగళ్లు. ఆ లెక్కల నుంచే రైతు కట్టవలసిన కిస్తులు ఏర్పడేవి. గడువు వచ్చిందన్న సంగతి రైతుకు తెలిసేది మునసబు కబురు ద్వారా, లేదా వెట్టివాడు వేసిన టముకు ద్వారా. అంటే తన గడువు తనకు తెలియడానికి రైతు మరొకరి మీద ఆధారపడక తప్పేది కాదు. రశీదు రాసేదీ వారే. కట్టిన కిస్తు లెక్కకెక్కిందో లేదో సరిచూసుకోగల చదువు ఎక్కువమందికి లేదు.

గడువు మీరితే ఏమయ్యేదన్నది మద్రాసు ప్రెసిడెన్సీలో హింసను విచారించిన సంఘం 1855లో ఇచ్చిన నివేదిక వల్ల లోకానికి తెలిసింది. శిస్తు బాకీల వసూలులో కింది స్థాయి ఉద్యోగులు రైతులను కొట్టడం, వేళ్లను చెక్కల మధ్య బిగించడం, మెడను కాళ్లకు వంచి కట్టి ఎండలో ఉంచడం వంటివి జరిగేవని ఆ సంఘం నిర్ధారించింది. సంఘ సభ్యులలో ఒకరు మద్రాసు న్యాయవాది జాన్ బ్రూస్ నార్టన్. ఈ నివేదికను కంపెనీ పాలన క్రూరత్వానికి నిదర్శనంగా ఉదాహరిస్తుంటారు, అది సబబే. అయితే అందులో మరొక సంగతి కూడా ఉంది. హింసకు గురైనవారిలో కట్టలేనివారితోపాటు ఆ రోజుకు కట్టలేనివారు కూడా ఉన్నారు. పంట కళ్లంలో ఉండగానో, బేరం కుదరకముందో కిస్తు మీదపడితే, నెల రోజుల తరువాత కట్టగల రైతు కూడా ఆనాటికి బాకీదారే. ఫసలీ ప్రారంభం జూలై 1కి మారినది ఆ ఏడాదే కావడం కాకతాళీయం కావచ్చు. కానీ రెండూ పక్కపక్కన పెట్టి చదవవలసినవే.

1864 నాటి మద్రాసు రెవెన్యూ వసూలు చట్టం (రెండవ చట్టం) బలప్రయోగం స్థానంలో జప్తును, వేలాన్ని చట్టబద్ధమైన మార్గాలుగా నిలిపింది. ఆ చట్టంలోని మూడవ విభాగం ఆసక్తికరం. కిస్తుబందిలో పేర్కొన్న రోజున శిస్తు చెల్లించాలి. అలాంటి రోజు నిర్ణయించి ఉండకపోతే స్థానిక ఆచారాన్ని అనుసరించి చెల్లించాలి అని దాని సారాంశం. అంటే 1864 నాటికి కూడా ప్రభుత్వం ఊరి ఆచారాన్ని పూర్తిగా తొలగించలేదు. గడువు దాటితే మాత్రం అది బాకీ, బాకీకి వడ్డీ, ఆపైన జప్తు. ఒక వాక్యంలో ఊరి అలవాటుకు చోటిచ్చి, తరువాతి వాక్యాలలో దానిని ఒక్క తేదీకి కట్టివేసిన చట్టమిది.

ఈ యంత్రాంగం మొత్తం గ్రామోద్యోగి మీద ఎంతగా ఆధారపడిందో పెదనందిపాడు చూపించింది. 1921 చివర, 1922 ఆరంభంలో గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో పన్నుల నిరాకరణోద్యమం సాగింది. రైతులు కిస్తు కట్టకపోవడం ఒక ఎత్తయితే, కరణాలు, మునసబులు రాజీనామాలు చేయడం మరొక ఎత్తు. లెక్కలు తెలిసినవాడు, ఇంటింటికీ గడువు చెప్పేవాడు, రశీదు రాసేవాడు పక్కకు తప్పుకొనేసరికి ప్రభుత్వం సైనికులను దింపవలసి వచ్చింది. సైనికునికి తుపాకి ఉంది కాని, ఏ గడపకు ఎంత బాకీ ఉన్నదో తెలియదు. చౌరీచౌరా ఘటన తరువాత గాంధీజీ 1922 ఫిబ్రవరిలో సహాయ నిరాకరణను నిలిపివేయడంతో ఈ ఉద్యమమూ ఆగిపోయింది. జాతీయోద్యమ చరిత్రలో దీనిని త్యాగగాథగా రాశారు. గడువుల చరిత్రలో దీని స్థానం వేరు: గడువును చాటే వ్యక్తి మౌనం వహిస్తే గడువే లేకుండా పోతుందని అది రుజువు చేసింది. 1984లో ఎన్. టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు, పటేల్, పట్వారీ వ్యవస్థలను రద్దు చేసినప్పుడు వంశపారంపర్య పెత్తనం పోయిందని సంతోషించినవారు ఎక్కువ. ఆ సంతోషం న్యాయమైనదే. ఊరి మొత్తం వార్షిక లెక్క ఒకరి జ్ఞాపకంలో ఉండే పద్ధతి కూడా దానితోనే ముగిసింది.

5. అచ్చులో సంవత్సరం

కరణం చేతిలో ఫసలీ ఉంటే, పురోహితుని చేతిలో పంచాంగం ఉండేది. పందొమ్మిదవ శతాబ్దంలో అచ్చు పంచాంగాలు వ్యాపించడంతో ఈ రెండవ గుత్తాధిపత్యం సడలింది. అదే కాలంలో పెద్దబాలశిక్ష అరవై సంవత్సరాల పేర్లు, మాసాలు, తిథులు, నక్షత్రాలు పిల్లలచేత వల్లె వేయించింది. మద్రాసు నక్షత్రశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి 1870ల దశకంలో ప్రత్యక్ష గణితం ఆధారంగా దృగ్గణిత పంచాంగాన్ని వెలువరించడంతో సిద్ధాంత, దృక్ పక్షాల వివాదం పదునెక్కింది. పండుగ ఏ రోజు అన్న తగవు నేటికీ తీరలేదు.

పరిశోధకులకు మరింత ఉపకరించినవి సమన్వయ పట్టికలు. సి. పి. బ్రౌన్ 1850లో హిందూ, మహమ్మదీయ కాలగణనల చక్రపట్టికలను ప్రచురించాడు. దస్తావేజు మీద తేదీ చూసి అది ఏ రోజో తేల్చుకోవలసిన న్యాయాధికారుల అవసరమే అలాంటి పుస్తకాలకు మూలం. ఎల్. డి. స్వామికన్ను పిళ్లె 1911లో, తిరిగి 1922లో వెలువరించిన గ్రంథాలు శాసన పరిశోధకులకు నేటికీ ఆధారం. ఆ తరువాతి కాలంలో గోడ మీదికి వచ్చిన తెలుగు క్యాలెండరు ఈ పట్టికలన్నింటినీ ఇంటి ఇల్లాలికి అందించింది. ఒకే గడిలో ఇంగ్లీషు తేదీ, తిథి, నక్షత్రం, కార్తె ప్రవేశం, వర్జ్యం, రాహుకాలం. పాలవాడి లెక్కా, గ్యాస్ సిలిండరు మార్చిన తేదీ, ఇంటిపన్ను కట్టిన తేదీ ఆ గడిలోనే ఇంటివాళ్లు రాసుకున్నారు. ఇలా రాసిన పాత క్యాలెండర్లను మన గ్రంథాలయాలు సేకరించవు. కుటుంబ చరిత్రకు ఇంతకంటే నేరుగా పనికొచ్చే పత్రాలు తక్కువ.

6. ఏప్రిల్ నెల

బ్రిటిష్ ఇండియాలో ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం మొదట మే 1న ప్రారంభమయ్యేది. 1867 నుంచి ఏప్రిల్ 1కి మారింది. ఇంగ్లండు లెక్కలతో పొసగడం కోసం వచ్చిన మార్పు అది. 1957 మార్చి 22 నుంచి, మేఘనాథ్ సాహా అధ్యక్షతన ఏర్పడిన సంఘం సిఫారసు మేరకు, జాతీయ శక పంచాంగం అమలులోకి వచ్చినా పన్నుల లెక్క ఏప్రిల్‌ను విడువలేదు. 1865 నాటి పట్టణాభివృద్ధి చట్టం, 1884, 1920 నాటి జిల్లా మునిసిపాలిటీల చట్టాల ద్వారా మద్రాసు ప్రెసిడెన్సీ పట్టణాలలో స్థిరపడిన ఇంటిపన్ను కూడా ఈ సంవత్సరం వెంటనే నడిచింది. నేడు తెలుగు రాష్ట్రాలలోని పురపాలక సంఘాలు ఏడాది పన్ను మొత్తాన్ని ఏప్రిల్ నెలాఖరులోగా చెల్లించినవారికి 5 శాతం రాయితీ ప్రకటిస్తుంటాయి. ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ.

పూర్వపు కిస్తుకూ దీనికీ ఒక తేడా ఉంది. కిస్తు ఆదాయం వచ్చే కాలాన్ని కనీసం పేరుకైనా గుర్తించింది. ఇంటిపన్ను గడువుకు ఇంటివారి ఆదాయంతో సంబంధం లేదు. నెలజీతం ఉన్నవారికి ఏప్రిల్ ఒక నెల మాత్రమే. మగ్గం మీద, కూలి మీద, చిన్న దుకాణం మీద ఆధారపడే ఇంటికి ఏప్రిల్ ఎండలో పని తగ్గే నెల, పిల్లల బడి ఖర్చులు ముందున్న నెల. ముందుగా కట్టగలవారికే రాయితీ, కట్టలేనివారికి వడ్డీ అయినప్పుడు ఒకే రేటు రెండు ఇళ్ల మీద రెండు రకాలుగా పడుతుంది. రాయితీ ఇవ్వడాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. దానిని ఒక్క నెలకే పరిమితం చేయడం మాత్రం ఆలోచించవలసిన విషయం.

అద్దె ఇళ్లలో మరొక వింత గడువు ఉంది: పదకొండు నెలలు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం సంవత్సరం చొప్పున గాని, సంవత్సరానికి మించి గాని ఇచ్చే కౌలు పత్రాలకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేయడంతో, దానిని తప్పించుకోవడానికి పదకొండు నెలల పత్రం ఆచారమైంది. అలాంటి పత్రాన్ని వరుసగా తిరగరాయించుకుంటూ పోతే గడువు ఏటా ఒక నెల వెనక్కి జరుగుతుంది. హిజ్రీ సంవత్సరం పదకొండు రోజులు వెనక్కి నడిచినట్టే. రైతు కోసం పాలకులు ఒకప్పుడు సరిదిద్దిన చిక్కును పట్టణ జీవితం కోరి తెచ్చుకున్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కూడా కౌలు రైతుకు ఇచ్చే పత్రానికి పదకొండు నెలల కాలాన్నే నిర్ణయించింది. ఉగాదికి కౌలు కుదిరి, మళ్లీ ఉగాదికి తీరే పాత మాట పట్టింపు స్థానంలో ఈ పత్రం వచ్చింది. పంట రుణం, నష్టపరిహారం, బీమా ఈ కాగితం మీద ఆధారపడి ఉంటాయి కనుక, భూస్వామి సంతకం సకాలంలో పెట్టకపోతే కౌలుదారు ఆ ఏటికి సాగుదారుగా లెక్కకే రాడు. పంట వేసింది అతడే అయినా సరే. ఒకనాడు కరణం చేతిలో ఉన్న అధికారం ఇక్కడ పొలం యజమాని చేతికి చేరింది.

7. సముద్రం, అడవి

తీరప్రాంతంలో చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని దృష్టిలో ఉంచుకొని తూర్పు తీరమంతటా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులపాటు, మరబోట్ల వేటను నిషేధిస్తున్నారు. 2015కు ముందు ఇది మే 31 వరకు, 47 రోజులే. తెడ్డు, తెరచాపలతో నడిచే సంప్రదాయ పడవలకు మినహాయింపు ఉంది. బోటుకు రంగు వేయించడం, ఇంజను విప్పి బాగుచేయించడం, వలలు కట్టుకోవడం ఈ రెండు నెలల్లోనే ముగియాలి. నిషేధం ముగిసేసరికి మృగశిర వచ్చి వారం గడుస్తుంది. మృగశిర ప్రవేశాన చేపలు తినే ఆచారం తెలంగాణలో బలంగా ఉంది. హైదరాబాదులో ఉబ్బసానికి చేపమందు వేసేదీ ఆనాడే. చేపకు గిరాకీ అత్యధికంగా ఉండే ఆ రోజున సముద్రపు చేప తెచ్చే మరబోట్లు మాత్రం ఒడ్డున కట్టి ఉంటాయి. చెరువుల, జలాశయాల చేపదే ఆనాటి అంగడి.

అడవిలో ఈ ఘర్షణ మరింత స్పష్టం. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం, నిజాం రాజ్యంలో 1355 ఫసలీ అటవీ చట్టం అడవిని రిజర్వుగా మార్చి, అందులో నడవడానికీ, మేపడానికీ, వేటాడటానికీ అనుమతులు, కాలాలు నిర్ణయించాయి. విశాఖ మన్యంలో విత్తనాలు చల్లే ముందు చేసుకునే ఇటుకల పండుగలో మగవారు వేటకు వెళ్లడం ఆచారం; ఆ రోజులు ఊరి పెద్దలు నిర్ణయించేవారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత ఆ వేటకు చట్టంలో చోటు లేదు. పండుగ మిగిలింది. కొత్త మామిడికాయను దేవతకు సమర్పించేదాకా తినరాదన్న కట్టుబాటు కూడా చాలా గిరిజన సమాజాలలో ఉంది. కాయ ముదరకముందే కోయకుండా ఆపే గడువు ఇది. అటవీశాఖ రాసిన నియమాలకూ దీనికీ లక్ష్యంలో పెద్ద తేడా లేదు. తేడా అంతా రోజు నిర్ణయించేది ఎవరన్నదే.

నల్లమలలోని సలేశ్వరం ఈ రెండు లెక్కలూ కలిసే చోటు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపల, లోతైన లోయలో, జలపాతం పక్కన ఉన్న ఆ లింగమయ్య దర్శనానికి చైత్ర పూర్ణిమ ముందువెనుకలుగా కొద్ది రోజులు మాత్రమే దారి తెరుస్తారు. పూజలు చేసేది చెంచులు. ఒకప్పుడు భక్తులు మాత్రమే నడిచిన ఆ రాళ్ల దారిలో ఇప్పుడు కొండలు, జలపాతాలు చూడాలన్న ఉత్సాహంతో వచ్చే పట్టణ యువకులూ ఉంటున్నారు. చైత్ర పూర్ణిమ ఒక ఏడు మార్చి నెలాఖరున పడితే మరొక ఏడు ఏప్రిల్ చివర పడుతుంది. నీటి మట్టం, ఎండ, కార్చిచ్చు భయం ఆ మేరకు మారిపోతాయి. ఎన్ని రోజులు తెరవాలి, ఏ వేళ దాకా వాహనాలు వదలాలి అన్నది అటవీశాఖ నిర్ణయం. ఏ పున్నమికి తెరవాలి అన్నది మాత్రం ఆ శాఖ చేతిలో లేదు. వేసవి ముగిసి వానలు పడితే అభయారణ్యాన్ని సందర్శకులకు మూసివేస్తారు. ఆ తరువాత ఏడాది పొడవునా ఆ లోయ చెంచులకూ జంతువులకూ మాత్రమే తెలిసిన తోవ. వచ్చే చైత్రం ఎప్పుడు వస్తుందో అన్నది హైదరాబాదు నుంచి వచ్చేవారు క్యాలెండరులో చూసుకుంటారు. పెంటలలోని చెంచులు ఇప్పపూవు రాలడాన్ని బట్టి పోల్చుకుంటారు.